నూకరత్నం చుక్కలు

ఒకటో రోజు

నేను బాధపడుతున్నానని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. నేను బాధపడటం లేదు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ అమ్మ వదిన వైపు చూస్తుంది, వదిన అన్నయ్య వైపు చూస్తుంది, అన్నయ్య నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తాడు. కింద కాలేజీలో నాలుగేళ్లు శబ్దాల గురించి చదివి, పట్టా పుచ్చుకుని, మళ్లీ కొండెక్కి వచ్చి పదిహేడో నంబరు సొరంగంలో కోళ్లు పెంచుతున్న పిల్ల సంతోషంగా ఎలా ఉంటుందని వాళ్ల లెక్క. ఒకచోట కూర్చోను కాబట్టి మనసు బాగాలేదట. మధ్యాహ్నం సొరంగంలో ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తాను కాబట్టి లోపల ఏడుస్తున్నానట. నడిస్తే నాకు కళ్లు బాగా పనిచేస్తాయి. అంతకు మించి ఏమీ లేదు.

ఈ పుస్తకం సంఘంవాళ్లది. రోజుకి మూడు గడులు ఇచ్చారు: మేత, నీళ్లు, చావులు. గడుల కింద బోలెడు ఖాళీ ఉంది కాబట్టి రాస్తున్నాను. నా తర్వాత ఈ సొరంగానికి ఎవరొస్తే వాళ్లు చదువుకోవచ్చు.

పొద్దున్న ఐదింటికి అన్నయ్య ట్రాలీ మీద ఆరు వేల కోడిపిల్లల్ని తెచ్చాడు. ఈ పట్టాల మీద ఒకప్పుడు రైళ్లు తిరిగేవి. ఇప్పుడు తిరిగేది అన్నయ్య తొక్కే ట్రాలీ ఒక్కటే. ఎండలు ముదిరాక కింద షెడ్లలో కోడి బతకడం మానేసింది. కొండ కడుపులో మాత్రం ఏడాది పొడుగునా ఇరవై ఆరు డిగ్రీలే. అందుకని రైళ్లు వదిలేసిన నలభై సొరంగాల్లోనూ ఊక పరిచి కోళ్లని దించారు. పిల్లల్ని ఊక మీద వదిలి, ఒక్కొక్క అట్టపెట్టెలోంచి ఒక పిల్ల ముక్కుని నీటి గొట్టానికి ఆనించి తాగడం నేర్పాను. ఒకటి నేర్చుకుంటే చాలు, మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. మా ఇంట్లోవాళ్లకన్నా తెలివైనవి.

ఆరింటికి స్పీకర్లో చెవి, అంటే సొరంగాల్లో శబ్దాలు లెక్కపెట్టే యంత్రం, పలికింది: "పదిహేడు. దగ్గులు సున్నా. పెంటయ్య గబ్బిలాలు నాలుగు. నూకరత్నం చుక్కలు సున్నా."

నూకరత్నం మా అమ్మ.

నాలుగో రోజు

మేత: పన్నెండు బస్తాలు. చావులు: పదకొండు, అన్నీ ప్రయాణం బడలికవే.

పదింటికి ఎండ సైరను మోగింది. సైరను మోగాక సాయంత్రం ఐదు దాకా బయట ఎవరూ తిరగకూడదు. నాకు పండగ. సొరంగం తలుపులు మూసుకుంటే లోపల నేనూ ఆరు వేల పసుపు బంతులూ. హీటర్ల కింద ఒకే మందంలో పరుచుకుని పడుకున్నాయంటే వేడి సరిపోయినట్టు. ఒక పక్కకి గుంపుకడితే గాలి కొడుతున్నట్టు. రెండు వందల మీటర్లు ఆ కొసకి పోయి ఈ కొసకి రావడానికి నాకు అరగంట పడుతుంది. దారిలో చూడాల్సినవి అన్ని ఉన్నాయి.

గాలి సంగతి రాయాలి. కొండ వాలు వల్ల మా సొరంగాల్లో గాలి ఎప్పుడూ పై నుంచి కిందికే పోతుంది. నా సొరంగంలో కోడి వదిలిన ఊపిరి, గాలితలుపు దాటి, పద్దెనిమిదో నంబరులోకి వెళుతుంది. అక్కడ కాపున్నది సోములు మావ. మాకు చుట్టం కాడు గానీ ఊరందరికీ మావే. పొద్దున్నే గాలితలుపు సందులోంచి కేకేసి, నీ కోళ్ల కంపంతా నాకు పంపిస్తున్నావు, మంచి మేత వాసన కూడా కాస్త పంపించు అంటాడు.

పదకొండో రోజు

చెవి: దగ్గులు సున్నా. నూకరత్నం చుక్కలు తొమ్మిది.

ఇంట్లో ఈరోజు చిన్న సంబరం. అమ్మ రోజూ ఆరింటికి టీ గ్లాసు పట్టుకుని వసారాలో స్పీకరు కింద కూర్చుంటుంది. నలభై సొరంగాల లెక్కా వరసగా వస్తుంది. మాఘంలో కొండ ఊట ఎండిపోతుంది కాబట్టి, ఎండాకాలమంతా ప్రతి సొరంగానికీ చెవి "నూకరత్నం చుక్కలు సున్నా" అంటూ పోతుంది. నలభై సున్నాలు వినడం అమ్మకి నచ్చదు. పైకి అనదు, గ్లాసు కాస్త గట్టిగా కింద పెడుతుంది. ఈరోజు పదిహేడుకి తొమ్మిది అనగానే వదిన వంటింట్లోంచి, అత్తయ్యా మీ బోణీ అయింది అని అరిచింది. పైన ఎక్కడో ఎండల్లో పడే మామిడి జల్లు పడి ఉంటుందని అన్నయ్య తేల్చాడు.

చెవి సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. తొమ్మిదేళ్ల కిందట ప్రతి సొరంగంలో పన్నెండు మైకులు బిగించారు. కోళ్లకి ఊపిరి జబ్బు తగిలితే మనిషి కన్నా ముందే దగ్గు పోల్చుకుని కూత పెడుతుందని. అంతకు పదేళ్ల ముందు వచ్చిన పెద్ద జబ్బు ఎవరూ మరిచిపోలేదు కాబట్టి నియమం గట్టిగా రాశారు: చెవి కూత పెడితే ఆ సొరంగంలో కోళ్లన్నిటినీ అదే రోజు గొయ్యి తీసి పాతెయ్యాలి. మనిషిని అడిగే పని లేదు.

మొదటి వానాకాలం చెవి కూతలే కూతలు. సొరంగం పైకప్పు కింద ఊటనీరు పోవడానికి రేకు కాలవ ఉంటుంది. దాని మీద చుక్క పడితే టిక్‌మంటుంది. కోడిపిల్ల తుమ్మినా టిక్‌మంటుంది. వారం తిరక్కుండా రెండు సొరంగాల కోళ్లని, దివ్యంగా తిరుగుతున్నవాటిని, పాతిపెట్టారు. వాటిలో ఒకటి సోములు మావవి.

అప్పటికి అమ్మ ఇరవై ఏళ్లు సొరంగాల్లో చేసి, ఊకదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, లోపలికి పోలేక ఇంట్లో కూర్చుంది. సంఘంవాళ్లు చెవి పట్టిన శబ్దాలన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆవిరి పట్టుకుంటూ, దుప్పటి కప్పుకుని, నెల రోజులు వింది. ఇది చుక్క, ఇది చుక్క, ఇదీ చుక్కే. పదకొండు వేల శబ్దాలకి చుక్క అని గుర్తు పెట్టింది. కూతలు ఆగిపోయాయి. మా కొండ మీద ఒక పద్ధతి ఉంది. చెవికి ఏ శబ్దం ఎవరు నేర్పితే దానికి వాళ్ల పేరే. గబ్బిలం రెక్కలు పెంటయ్యవి. మేత బెల్టు ఇరుసు కీచు అప్పలకొండది. చుక్క మా అమ్మది. ఆ గుర్తు చెరపాలంటే నేర్పిన మనిషి గానీ ఆ ఇంటివాళ్లు గానీ బొటనవేలు పెట్టాలి. ఇంకెవరికీ హక్కు లేదు.

పదిహేడో రోజు

చెవి: దగ్గులు సున్నా. చుక్కలు ముప్పై ఒకటి.

పిల్లలు పసుపు వదిలి తెల్ల ఈకలు తొడుక్కుంటున్నాయి. పెళ్లికి సగం ముస్తాబయ్యాక పిలుపొచ్చినట్టు ఉంటాయి ఈ వయసులో. నాకు బాగా ఇష్టం.

అన్నయ్య ట్రాలీ దిగుతూనే ఒక కాగితం చేతిలో పెట్టాడు. కింద స్టేషన్‌లో, చెవులు తయారుచేసే కార్ఖానాలో నాకు ఉద్యోగం చూశాడట. చల్లని గది, కుర్చీ, బల్ల. వచ్చే నెల చేరాలి. నీ బాధ చూడలేకపోతున్నాను అన్నాడు. ఏ బాధ అని అడిగితే, అదే, అలా అడగడమే బాధ అన్నాడు. కాగితం మడిచి ఈ పుస్తకంలో పెట్టాను.

ఇరవయ్యో రోజు

చెవి: దగ్గులు సున్నా. చుక్కలు ఎనభై ఎనిమిది.

మేత ఒక బస్తా మిగిలింది. ఇలా ఎప్పుడూ మిగలదు. సొరంగం కింది సగంలో కళ్లు మండాయి, ఊక తడిసి అమ్మోనియా లేస్తోంది. రెండు గాలితలుపులూ ఇంకాస్త తెరిచి, పారతో ఊక తిరగేసి, పొడి ఊక చల్లాను. మోకాళ్ల దాకా తెల్లగా అయిపోయాను. ఈ పని అయ్యాక వచ్చే అలసట చాలా బాగుంటుంది.

సోములు మావ తన సొరంగంలోనూ చుక్కలు వస్తున్నాయని చెప్పాడు. ఈరోజు పన్నెండట. మీ అమ్మకి చెప్పు, నా ఇంటికి కూడా వచ్చిందని అన్నాడు. చెప్పాను. అమ్మ టీలో రెండో చెంచా పంచదార వేసుకుంది.

ఇరవై రెండో రోజు

చెవి: దగ్గులు సున్నా. చుక్కలు ఆరువందల నలభై.

ఇంట్లో వదిన చప్పట్లు కొట్టింది. నేను నవ్వాను కూడా. ఈ సంగతి రాసి తీరాలి: నేను నవ్వాను. ఆ తర్వాత సొరంగానికి వెళుతూ, అంత నీరు కారుతుంటే ఊక తడవదా, కాలవ ఎక్కడో కారుతోంది, మూసెయ్యాలి అనుకుని నిచ్చెన తీసుకెళ్లాను.

నిచ్చెనెక్కి రేకు కాలవలో వేలు పెట్టి గీశాను. వేలికి దుమ్ము అంటింది. పది అడుగులు జరిపి మళ్లీ ఎక్కాను. దుమ్ము. ఎండిన గబ్బిలం రెట్ట. రెండు వందల మీటర్లూ అలాగే ఎక్కుతూ దిగుతూ పోయాను. ఒక్క చోట కూడా తడి లేదు. మూడు నెలలుగా ఈ కాలవలో చుక్క పడలేదు.

నిచ్చెన మీద నుంచి కిందికి చూస్తూ ఉండిపోయాను. పన్నెండు రోజులుగా ఆ అంకె నా చేత్తోనే ఈ పుస్తకంలో రాస్తున్నాను. తొమ్మిది, ముప్పై ఒకటి, ఎనభై ఎనిమిది. అమ్మ సంతోషిస్తోందని సంతోషిస్తూ రాస్తున్నాను. నాకు కళ్లు బాగా పనిచేస్తాయని మొదటి రోజు రాసుకున్నదాన్ని కొట్టెయ్యాలనిపించింది. కొట్టెయ్యలేదు, ఉండనీ.

చెవులు రాకముందు అమ్మ కోళ్లని ఎలా వినేదో నాకు లీలగా జ్ఞాపకం. లైట్లు తగ్గించి, పంకాలు ఆపి, ఈల వేసేది. ఈల వినగానే కోళ్లన్నీ ఒక్కసారి గప్‌చుప్ అవుతాయి, అదేమిటా అని. ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దంలో జబ్బుకోడి మాత్రం ఊరుకోలేదు. దాని తుమ్ము దాని చేతిలో లేదు.

నాకు ఈల రాదు. గాలే వచ్చింది, తర్వాత ఉమ్మి వచ్చింది. ఏడో ప్రయత్నానికి ఎలుక అరిచినట్టు ఒకటి వచ్చింది. అదే చాలింది. సొరంగమంతా ఆగిపోయింది.

టిక్. టిక్, టిక్. టిక్.

పై నుంచి కాదు. నా మోకాళ్ల కింద నుంచి.

ఒకదాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఛాతీలో సన్నగా గరగర, మూత పెట్టిన గిన్నెలో నీళ్లు మరుగుతున్నట్టు. కంటి మూల నురగ. రెండో దాన్ని ఎత్తాను. అదే.

కింద స్టేషన్‌లో ఉండే డాక్టర్ భ్రమరాంబ గారికి వైర్‌లెస్‌లో చెప్పాను. చెవి సున్నా అంటోంది కదా అన్నారు ఆవిడ. కాలవలో దుమ్ము సంగతి మళ్లీ చెప్పాను. నా కోళ్లని పాతెయ్యమంటారా అని అడిగాను.

"నియమం చెవి గురించి రాశారు తల్లీ. నీ చెవుల గురించి రాయలేదు. గొయ్యి అక్కర్లేదు. నీళ్లలో కలిపే మందు రేపు ట్రాలీలో పంపుతాను. ముందు ఆ కింది తలుపు మూసెయ్యి."

కింది గాలితలుపు మూశాను. సోములు మావ ఊపిరాడక కాదు, ఆశ్చర్యపడి కేకేశాడు. తలుపు సందులోంచి ఉన్న మాట చెప్పాను. తలుపు మూస్తే అమ్మోనియా నా కోళ్ల మీదే నిలబడుతుంది. అందుకని పైకప్పులో పాత పొగగొట్టం మూత తాడుతో లాగి తెరిచాను. పొద్దున్న నాలుగు నుంచి పది దాకా తెరవాలి, సైరను మోగగానే మూసెయ్యాలి, లేకపోతే నిప్పు దిగినట్టు వేడి దిగుతుంది.

ఇరవై మూడో రోజు

చెవి: దగ్గులు సున్నా. చుక్కలు పన్నెండు వందల పది. చావులు: నలభై ఆరు.

నిన్న సాయంత్రం ఇంట్లో చెప్పాను. అన్నయ్య కింది కాలేజీ చదువు ఇలాగే అనుమానాలు నేర్పుతుందన్నాడు. వదిన చప్పట్లు కొట్టిన చేతులు చూసుకుంది.

ఈ పొద్దున్న లెక్క వినకుండానే అమ్మ ట్రాలీ ఎక్కి కూర్చుంది. తొమ్మిదేళ్లయింది ఆమె సొరంగం దాకా వచ్చి. లోపలికి రావద్దని నేనూ, వస్తే డాక్టరు గారు మమ్మల్ని చంపేస్తారని అన్నయ్యా బతిమాలాం. తడిగుడ్డ ముక్కుకి చుట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"నాను లోపలికి రాన్లే. పంకాలు ఆపీ," అంది.

ఆపాను. లైట్లు తగ్గించాను. అమ్మ గుడ్డ కాస్త కిందికి లాగి ఈల వేసింది. ఆ ఊపిరితిత్తులతో అంత పొడుగు ఈల ఎలా వచ్చిందో నాకు తెలియదు. సన్నగా మొదలై, సొరంగం ఆ కొసన గోడకి తగిలి, తిరిగొచ్చింది. ఆరు వేల కోళ్లు తలెత్తాయి.

అమ్మ కళ్లు మూసుకుని వేళ్లు మడిచింది. పది మడిచాక మళ్లీ మొదటి నుంచి మడిచింది. కోళ్లు మళ్లీ గోల మొదలెట్టాక కూడా కళ్లు తెరవలేదు.

"సుక్క కాదే," అంది. "ఇంట్లో ఇంటే సుక్కలాగే ఇనబడినాది. అప్పుడు గది నిండా ఆవిరి. నాను ఇన్నది మిసను పెట్టెలోంచి. కింద నుంచి వచ్చిందో మీద నుంచి వచ్చిందో పెట్టె చెప్పదు గదా."

దగ్గు వచ్చింది. అన్నయ్య ఆమెని ట్రాలీ మీద కూర్చోబెట్టాడు. వెళుతూ నా వైపు తిరిగి, "ఆ ఈల ఏటే నీది, నిన్న సోములు చెప్పినాడు, పిల్లి తొక్కిన ఎలకలాగ. రేపు రా, నేర్పుతాను," అంది.

ఇరవై ఆరో రోజు

చుక్కలు వెయ్యీ ఎనభై. చావులు: తొంభై.

చుక్కలని రాస్తున్నాను, చెవి ఇంకా అలాగే పిలుస్తోంది కాబట్టి. ఇంట్లో ఆరు గంటల సభ మారిపోయింది. అమ్మ పేరు పలికిన అంకె తగ్గాలని నలుగురం ఊపిరి బిగబట్టి వింటున్నాం. సోములు మావ సొరంగంలో లెక్క పన్నెండు నుంచి ఇరవై దాకా వెళ్లి ఆగింది. తలుపు సమయానికి పడిందని డాక్టరు గారు అన్నారు.

పనులు: మందు నీళ్లు పొద్దున్న ఖాళీ కడుపున. గొట్టాలు రోజూ కడగడం. రోజూ మూడో వంతు సొరంగం ఊక తిరగెయ్యడం. బరువుగా ఊపిరి తీసేవాటిని ఏరి పొగగొట్టం కింద దడి కట్టి ఉంచడం. సాయంత్రం ఈల పాఠం. నాలుక వెనక్కి మడవాలి, నేను ముందుకి తోస్తున్నాను. వదిన కూడా నేర్చుకుంటానని కూర్చుంది. ఆడవాళ్లు ఈలలేమిటని అన్నయ్య గొణిగాడు. మరి నువ్వు నేర్చుకో అంది వదిన. అన్నయ్యకి కూడా గాలే వచ్చింది. చాలా కాలానికి ఇంత నవ్వాం.

ముప్పై ఒకటో రోజు

చుక్కలు నూట నలభై. చావులు: ఆరు.

మేత మిగలలేదు. కోడి మళ్లీ నా కాళ్ల మీద పడి మేత తొట్టి దాకా తోసుకుంటూ వస్తోంది. మొత్తం నాలుగు వందల పన్నెండు పోయాయి. మిగిలినవి బతికాయి. పొద్దున్న ఈల వేశాను, నిజమైన ఈల, సొరంగం ఆ కొస తాకి వచ్చింది. నిశ్శబ్దంలో వేళ్లు మడిచాను. ఏడు. మధ్యాహ్నం మళ్లీ అటూ ఇటూ నడిచాను. కొండ కడుపులో, చల్లటి చీకట్లో, ఐదు వేల ఐదు వందల ప్రాణాలు హాయిగా గాలి పీల్చుకుంటుంటే మధ్యలో నడవడం కన్నా మంచి సంగతి నాకు తట్టదు. దీన్ని ఏడుపు అనుకునేవాళ్లని ఏం చెయ్యాలి.

ముప్పై నాలుగో రోజు

ఇక ఆ గుర్తు ఉండకూడదు. ఈ మాట మూడు రోజుల కిందట ఇంట్లో భోజనాల దగ్గర అన్నాను.

అమ్మ అన్నం కలుపుతూ ఆలోచించింది. ఎండాకాలానికి మాత్రం ఆ గుర్తు మూసెయ్యమని సంఘానికి చెబుదాం అంది. వానల్లో మళ్లీ తెరుస్తారు. ఎండల్లో చుక్క ఉండదు కాబట్టి పొరపాటూ ఉండదు. సబబుగానే ఉంది. నేనూ ఆ మాట పట్టుకుని రెండు రోజులు సంఘం గదిలో పాత పుస్తకాలు తిరగేశాను.

నిరుడు ఆషాఢంలో ఇరవై ఏడో నంబరులో తొమ్మిది వందల కోళ్లు పోయాయి. కారణం గడిలో "తేమ" అని రాసి ఉంది. చుక్కలు పద్నాలుగు వందలు. అంతకు ముందు ఏడాది భాద్రపదంలో ముప్పై మూడో నంబరులో. కారణం: తేమ. అలాంటివి ఐదు కనబడ్డాయి. వానల్లో నిజం చుక్కల మధ్య జబ్బుచుక్కలు దాక్కున్నాయి. ఏది ఏదో ఇప్పుడు చెప్పగలిగిన మనిషి లేడు. ఎవరూ లోపలికెళ్లి వినలేదు.

ఆ పుస్తకాలు డాక్టరు గారి ముందు పెట్టాను. ఆవిడ సంఘం సభలో పెట్టారు. నియమం మార్చారు: చెవి కూత పెట్టినా, మనిషి లోపలికెళ్లి విని, జబ్బేనని చెప్పాకే గొయ్యి సంగతి. కాగితం మీద ముద్ర కూడా పడింది.

ముప్పై తొమ్మిదో రోజు

కూరలో ఉప్పు లేదు. మా ఇంట్లో అభిప్రాయభేదం అలా తెలుస్తుంది. రెండు రోజులుగా కారియర్ తెరవగానే నాకు అమ్మ మనసు అర్థమైపోతోంది.

ఈ సాయంత్రం వసారాలో ఇద్దరమే ఉన్నప్పుడు తనే మొదలుపెట్టింది.

"కొండెక్కి వచ్చీసినానన్న కోపం నా మీద తీర్సుకుంతన్నావు. నాకు తెల్దేటి."

నాకు కోపం లేదని చెప్పాను. అమ్మ వినలేదు. వినదని నాకు తెలుసు.

"నలభై సొరంగాల్లో రోజూ నా పేరు సెప్తాది. లోపలికి ఎల్లనేని మనిసికి అదే ఎల్లడం," అంది. నేను ఆమె గ్లాసులో ఇంకాస్త టీ పోశాను. అమ్మే మళ్లీ అంది: "పేరు పోతే పోనీ అనుకో. ఆ ఏడు గొయ్యిలో పడేసినప్పుడు నువ్వు సూడనేదు. సోములు కోళ్లు, ఒక్కదానికీ తుమ్ము నేదు, అరుస్తానే ఉన్నాయి. వానొచ్చి ఈ సెవి మల్లీ కూత పెడితే, కాయితం రాసినోడు ఆ వానలో సొరంగంలోకి ఒచ్చి ఇంటాడేటి?"

"రాడు," అన్నాను. "నేను వెళతాను."

"నలభయ్యీ నువ్వేనా?"

సోములు మావ నేర్చుకుంటున్నాడని చెప్పాను. వదినకి ఈల వచ్చేసింది. డాక్టరు గారు సొరంగానికి ఒకరు చొప్పున కావాలన్నారు, ఈల ఎలా వెయ్యాలో నేర్పే మనిషి మాత్రం ఒక్కరే ఉన్నారు, ఆమె వసారాలో టీ తాగుతూ కూర్చుంటుంది.

అమ్మ గ్లాసు గట్టిగా కింద పెట్టింది. సరే అనలేదు. వద్దనీ అనలేదు. లోపలికి వెళ్లిపోయింది.

నలభై రెండో రోజు

చివరి లెక్క. చెవి: దగ్గులు సున్నా. నూకరత్నం చుక్కలు మూడు. మేత: లేదు. బతికి వెళ్లినవి: ఐదు వేల ఐదు వందల డెబ్భై.

తెల్లవారుజామున అన్నయ్య ఎనిమిది విడతలుగా కోళ్లని దించుకుపోయాడు. సోములు మావ వచ్చి సాయం పట్టాడు. వెళ్లబోయే ముందు గుమ్మంలో ఆగి, ఆ ఏడు తన కోళ్లని పాతినప్పుడు ఒక్క మనిషి వచ్చి విని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నానన్నాడు. ఎవరినీ అనలేదు, మీ అమ్మనైతే అసలు అనలేదు, ఆమె చుక్క లేకపోతే నలభయ్యీ పోయేవి అన్నాడు. ఆ మాట నిజమే. రెండూ నిజమే.

కోళ్లు పోయాక సొరంగం పెద్దదైపోయింది. ఊక తీసి, గోడలకి సున్నం కొట్టి, పది రోజులు ఎండనివ్వాలి. తర్వాత కొత్త పిల్లలు. అప్పటికి తొలకరి వస్తుంది.

ఇంటి నుంచి కారియర్ వచ్చింది. కూరలో ఉప్పు సరిపోయింది. అంతకన్నా ఎక్కువ అర్థం నేను తియ్యను.

అన్నయ్య ఇచ్చిన కాగితం ఈ పుస్తకంలోంచి తీసి, వెనక వైపున "రాను" అని రాసి, ఆఖరి ట్రాలీలో అతని చేతికే ఇచ్చి పంపాను.

సాయంత్రం ఆరుంపావుకి గుమ్మం దగ్గర చెవి పెట్టె తెరిచి, బొటనవేలు పెట్టి, నూకరత్నం చుక్కని నలభై సొరంగాల్లోనూ చెరిపేశాను. రేపటి నుంచి పొద్దున్న లెక్కలో ఆ పేరు ఉండదు. వానలు మొదలయ్యాక చెవి ప్రతి చుక్కకీ కూత పెడుతుంది. పెట్టినప్పుడల్లా నేను లోపలికి వెళ్లి, ఈల వేసి, వింటాను.